నా చావుకు నేనే కొట్టిన గంట

ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత నేను రాసిన పరీక్ష ఒక్కటే. దానికి పెన్ను అక్కర్లేదు, ఊపిరి ఉంటే చాలు. కుడతిని తట్టు కరెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ అతను చిన్న మిషన్ నోటి ముందు పెట్టి ఊదమన్నాడు. ఊదాను. బడిలో ఏనాడూ రానన్ని మార్కులు వచ్చాయి. ఇంత తెలివైనవాడికి ఇచ్చేంత పెద్ద పని లోపల లేదని గేటు బయటే నిలబెట్టేశారు.

ఈ జోకు చాలాచోట్ల చెప్పాను. చెప్పినచోటల్లా నవ్వారు. నవ్వినవాడు నా గ్లాసు నింపేవాడు. అది తాగి ఇంకో జోకు చెప్పేవాణ్ణి. అట్లా చూస్తే నాకు రెండు ఉద్యోగాలు. పగలు బొగ్గు ఎత్తడం, సాయంత్రం నవ్వించడం. మొదటిదానికి జీతం, రెండోదానికి మందు. రెండోదాంట్లోనే ఎక్కువ అలిసిపోయానని ఇప్పుడు తెలుస్తోంది.

బొగ్గు పని ఏమిటో చెప్పాలి. బొగ్గు పొడవాటి రబ్బరు బెల్టు మీద పైకి పోతూ ఉంటుంది. పోతూ పోతూ పక్కలకు రాలుతుంది. రాలినదాన్ని పారతో ఎత్తి మళ్ళీ బెల్టు మీద వేయాలి. వేసినదాంట్లో కొంత మళ్ళీ రాలుతుంది. అంతే పని. కొత్తగా చేరినవాళ్ళు ఇది ఎప్పటికి అయిపోతుందని అడుగుతారు. జనం ఇళ్ళలో ఫ్యాన్లు ఆపేసిన రోజు అని చెప్పేవాణ్ణి. నిజానికి అక్కడ ఏ మాటా సరిగా వినిపించదు. సూపర్‌వైజర్ అరిస్తే నోరు తెరుచుకోవడం కనపడుతుంది, ఏం తిట్టాడన్నది చేతి ఊపును బట్టి మనమే పూరించుకోవాలి. సాయంత్రం బస్సు దిగాక కూడా ఆ మోత చెవుల్లోంచి పోదు. గుయ్యిమంటూనే ఉంటుంది. ఇంట్లో భార్య పక్కనే కూర్చుని మాట్లాడినా అవతలి గట్టు నుంచి పిలిచినట్టుంటుంది. మందు పడితే ఆ మోత తగ్గేది. మోతే తగ్గేదో, నేనే తగ్గిపోయేవాణ్ణో.

మా దగ్గర మందు అట్ట ప్యాకెట్లలో దొరుకుతుంది. పిల్లలు తాగే మామిడి రసం ప్యాకెట్టులాగే ఉంటుంది, జేబులో పడుతుంది. మూల పంటితో కొరికి తాగేయడమే. నా జోడీ ఒకడు ఉండేవాడు, నాతోపాటే బెల్టు కింద పార పట్టేవాడు. ఎమ్మిగనూరువాడు. వరి మడీ చెరకు తోటా అన్నదమ్ములు పంచుకోగా వీడికి వచ్చిన ముక్క వీడి కడుపుకే చాలక మా బెల్టు కిందికి వచ్చాడు. బస్సు దిగగానే వాడు ప్యాకెట్లు కొనేవాడు, నేను నోరు తెరిచేవాణ్ణి. తాగడానికీ, నవ్వించడానికీ.

రాత్రి తాగింది తెల్లారేసరికి దిగకపోతే మిషన్ ముందు నిలబడటం కష్టం. అట్లాంటి పొద్దుల్లో నేను మంచం దిగేవాణ్ణి కాదు. మా ఆవిడ మేస్త్రీకి ఫోన్ చేసేది. ఆమె ఒక బళ్ళో ఆయా పని చేస్తుంది, పిల్లల దగ్గర అబద్ధం ఆడితే ఒప్పుకోదు. నా కోసం మాత్రం మా వాళ్ళను ఒక్కొక్కరినే చంపుతూ వచ్చింది. మొదట మా పెద్దమ్మ పోయింది. తర్వాత మా చిన్నాయన. ఆ తర్వాత ఎవరో తెలియని ఒక మామ కంప్లిలో గుండె ఆగి పోయాడు. మేస్త్రీ మెత్తనివాడు. నేను మళ్ళీ పనికి పోయినప్పుడల్లా భుజం మీద చెయ్యేసేవాడు.

"మీ ఇంట్లో ఇంగా ఎవురన్నా మిగిలుండారేందప్పా?"

గేటు దగ్గర మిషన్‌కు దొరికిపోయిన పొద్దు ఆ మెత్తనివాడే గట్టిగా చెప్పాడు. ఇంకొక్కసారి మిషన్ కూస్తే గేటు పాసు రద్దు. కాంట్రాక్టు పనిలో పాసు పోతే ఇంకెవరూ తీసుకోరు. ఇంటికి వచ్చి ఆ మాట మా ఆవిడకు చెప్పాను. ఆమె బట్టలు ఉతుకుతోంది. తల ఎత్తలేదు.

"ఇంగ నేను ఫోను జెయ్యను. నీ తట్టోళ్ళనందర్నీ సంపేసినా. సంపేదానికి ఇంగ నువ్వొగనివే మిగిలుండావు."

నేను నవ్వాను. మంచి జోకు అది, నేను చెప్పాల్సింది. ఆమె నవ్వలేదు. బకెట్టు తీసుకుని లోపలికి పోయింది. ఆ రోజంతా ఆమె నాతో మాట్లాడకపోయినా బాగుండేది. మాట్లాడింది. ఉప్పు ఉందా, నీళ్ళు వచ్చాయా, అట్లాంటి మాటలు. అలిసిపోయిన మనిషి మాటలు.

పెద్దాస్పత్రికి ఆమే తీసుకుపోయింది. దానికి ముందు మేస్త్రీకి ఒక ఫోన్ చేసింది, ఎవరినీ చంపకుండా. "మందు మానిపిచ్చేదానికి ఆస్పత్రికి తీస్కపోతాండానన్నా" అంది. అవతల అతను ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడట. చివరికి "రానీమ్మా. బాగయినంక రానీ. కానీ గేటు కాడ మిషన్లో ఊదల్ల" అన్నాడట.

డాక్టరమ్మ కన్నడంలో మాట్లాడింది. వయసులో నాకన్నా చిన్నది. ఎంత తాగుతానో అడిగింది. సగానికి సగం తగ్గించి చెప్పాను. ఆమె మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ చీర కొంగు మడత పెట్టుకుంటూ కూర్చుంది. డాక్టరమ్మకు అసలు లెక్క తెలిసిపోయింది. ఒక్కసారిగా నా అంతట నేనే మానేయొద్దని, వణుకు వస్తుందని, ఫిట్స్ కూడా రావచ్చని చెప్పి, కొన్నాళ్ళు అక్కడే పడుకోబెట్టి మాత్రలు ఇచ్చారు. ఆ రోజుల గురించి నేను రాయను. నా దగ్గర జోకు లేని రోజులు అవి. మంచం పక్కన కూర్చున్న మా ఆవిడకు అడిగితే చెబుతుంది, కానీ ఆమెను ఎవరూ అడగరు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, "ఏ పొద్దులో ఎక్కువ కావాలనిపిస్తుంది?" అని అడిగింది.

"సాయంత్రం ఆరింటికి మేడమ్. బస్సు దిగి ఇంటికి పోయే మధ్యలో."

"ఆ పొద్దు చేతికి పని పెట్టుకో. ఆ కోరిక వస్తుంది, కాసేపు కూర్చుంటుంది, పోతుంది. పోయేదాకా చేతులు ఖాళీగా ఉంచొద్దు."

"చేతులు ఖాళీగా ఉండకూడదనే కదా మేడమ్ గ్లాసు పట్టుకుంటిని."

"సుమ్నిర్రి" అంది. నోరు మూసుకోమని మర్యాదగా చెప్పడం. నా మాటకు నవ్వని డాక్టరు ఆమె. అందుకే ఆమె చెప్పింది గుర్తుంది.

తిరిగి పనిలో చేరాను. మిషన్ ఊరుకుంది. అసలు కష్టం సాయంత్రం ఆరింటిది. ఆ పొద్దుకు ఏం చేయాలో తెలియక అన్నీ చేశాను. నడక మంచిదన్నారు, నడిచాను. నా కాళ్ళకు తెలిసిన దారి ఒక్కటే, కంటోన్మెంట్‌లో ఏ వైపు బయల్దేరినా మందు దుకాణం ముందే తేలేవాణ్ణి. టీ తాగమన్నారు, తాగాను. టీ అంగడివాడు సంతోషపడ్డాడు, నాకు నిద్ర పోయింది. ఫోన్‌లో వీడియోలు చూశాను. ప్రతి వీడియోలో ఎవడో ఒకడు తాగుతూనే ఉన్నాడు. ఇంకో బాధ ఏమిటంటే మందు లేకపోతే నాకు మాట రావడం లేదు. బస్సులో అందరూ నా వైపు తిరిగి కూర్చునేవాళ్ళు, జోకు కోసం. నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి. "ఏందప్పా, ఆస్పత్రిలో నాలిక గూడా కోసేసినారా?" అని నా జోడీనే అన్నాడు. అది నాకన్నా మంచి జోకు.

మాది తెలుగు క్రైస్తవ సంఘం. ఎప్పుడో మిషనరీ దొరల కాలంలో కంటోన్మెంట్‌లో కట్టిన రాతి చర్చి. చుట్టూ సందుల్లో మా వాళ్ళే ఉంటారు, నర్సులు, డ్రైవర్లు, టీచర్లు, నాలాంటి పారగాళ్ళు. చర్చికి ఒక పెద్ద గంట. దాని తాడు వసారా కప్పులోని రంధ్రం గుండా కిందికి వేలాడుతుంది. రోజూ సాయంత్రం ఆరింటికి ప్రార్థన గంట కొట్టాలి. కొట్టేది ఒక పెద్దాయన, పిల్లలూ పెద్దలూ అందరూ గంట తాత అంటారు. ఆయన కుడి భుజం పట్టేసింది. ఎడమ చేత్తో లాగితే గంట నత్తినత్తిగా మోగుతోందని జనం గొణుగుతున్నారు.

ఒక సాయంత్రం చర్చి గోడ పక్కన ఊరికే నిలబడి ఉన్నాను. ఊరికే కాదు, దుకాణం వైపు పోకుండా ఉండటానికి గోడ పట్టుకుని నిలబడ్డాను. గంట తాత చూశాడు.

"ఏం జేస్తాండావప్పా ఈడ?"

"గోడ పడిపోకుండా పట్టుకోనుండా తాతా."

"గోడ నిన్ను పట్టుకోనుండాదిలే. రా, ఈ తాడు పట్టుకో. నా కుడి రెట్ట ఇంగ పన్జెయ్యదు."

అట్లా ఆ తాడు నా చేతికి వచ్చింది. గంట తాత పక్కన కూర్చుని నేర్పాడు. నేర్చుకోవాల్సింది ఎక్కువేమీ లేదు. ప్రార్థన గంట గబగబా కొట్టాలి, ఒక మోత ఆగకముందే ఇంకొకటి. ఇంట్లోంచి పిల్లల్ని తోలినట్టు. ఇంకొకటి చావు గంట. సంఘంలో ఎవరైనా పోతే కొట్టేది. ఒక్కటే దెబ్బ. ఆ మోత గాలిలో పూర్తిగా ఆగిపోయేదాకా చేయి కదల్చకూడదు. అప్పుడు ఇంకొక దెబ్బ. ఈ రోజుల్లో చావు కబురు ఫోన్‌లో ముందే వస్తుంది. అయినా మా పెద్దవాళ్ళు గంట వినేదాకా నమ్మరు. ఆ గంట వినపడితే చేతిలో పని వదిలేసి చర్చి గేటు దగ్గరికి వచ్చి ఎవరని అడగాలి. కుర్రవాళ్ళు చర్చి బెంచీలు భుజాన వేసుకుని పోయినవాళ్ళ ఇంటికి తీసుకుపోవాలి, వచ్చేవాళ్ళు కూర్చోవడానికి. ఇది మా పద్ధతి.

"రెండోది నాకొద్దు తాతా, మొదటిది సాలు" అన్నాను.

"రెండోది ఎవురికీ వద్దు. నేర్సుకో ఊరికే."

కొన్నాళ్ళు ఆయన పక్కనుండగా కొట్టాను. తాడు బరువు. లాగితే ఒళ్ళంతా కిందికి పోతుంది, వదిలితే పైకి లేస్తుంది. చేతులకు బొబ్బలు వచ్చాయి, పార పట్టిన చేతులకే. కానీ ఆ కొట్టే కాసేపు నా చెవుల్లో గుయ్యి ఉండేది కాదు. గంట మోత ముందు ఆ మోత నిలవలేదు. దాని గురించి ఎవరికీ చెప్పలేదు. చెబితే భక్తి వచ్చిందనుకుంటారని భయం.

ఆ తర్వాత గంట తాత భుజం చూపించుకోవడానికి హొసపేటెలో కూతురి ఇంటికి పోయాడు. ఒంటరిగా కొట్టాల్సిన మొదటి సాయంత్రం వచ్చింది. మంచి రోజు చూసుకునే వచ్చింది. ఆ పొద్దు పగలు బెల్టు ఒకచోట చీలిపోయి బొగ్గంతా గుట్టగా కింద పడింది. బెల్టు అతికించేవాళ్ళు అతికిస్తుంటే మేము ఎత్తుతూనే ఉన్నాం. సూపర్‌వైజర్ నోరు మూతపడలేదు. మోత లేదు గనక ఈసారి ప్రతి తిట్టూ స్పష్టంగా వినపడింది. వయసులో వాడు నా తమ్ముడంత ఉంటాడు. నేను పారతో బొగ్గు ఎత్తుతూ ఒక్కటే అనుకున్నాను, సాయంత్రం అయితే చాలు.

సాయంత్రం అయింది. అదే రోజు జీతాలు పడ్డాయి. బస్సు దిగగానే నా జోడీ నా వెనకే వచ్చాడు. జేబు తట్టి చూపించాడు.

"రెండు తెచ్చినా. నీకొగటి. ఊరికే ఒగటి. ఇంత పన్జేసినాక రోంత పడకపోతే పానం నిలుస్తాదా?"

"పొద్దున ఊదల్లప్పా."

"ఒగ ప్యాకెట్టు పొద్దున్నకు యాడుంటాది? నిద్రపోతే దిగిపోతాది."

వాడి మాటలో తప్పు లేదు. వాడికి ఒకటితో దిగిపోతుంది. నాకు ఒకటి ఎప్పుడూ ఒకటిగా ఆగలేదు. అది వాడికీ తెలుసు, కానీ వాడికి ఒక్కడే తాగడం చేతకాదు. "గంట కొట్టి వస్తా ఉండు" అన్నాను. వద్దని అనలేదు. అది గుర్తుంది నాకు. వాడు చర్చి గోడ మీద కూర్చున్నాడు, నేను వసారాలోకి పోయాను.

తాడు పట్టుకున్నాను. తాడు ఊగుతోందో నేను ఊగుతున్నానో తెలియలేదు. ఒక్క లాగు లాగాను. గంట మోగింది. ఆ మోత రాళ్ళలోంచి, నా తల మీదుగా పోయింది. చెవుల్లో గుయ్యి ఆగింది. సూపర్‌వైజర్ తిట్లూ ఆగాయి. నేను తాడుకు నుదురు ఆనించి ఆ మోత వింటూ నిలబడ్డాను. అది సన్నబడుతూ సన్నబడుతూ పోతోంది. పూర్తిగా పోయేసరికి గోడ మీద కూర్చున్నవాడి జేబు గుర్తొచ్చింది. వెంటనే ఇంకో లాగు లాగాను. మళ్ళీ మోత. మళ్ళీ అది ఆగిపోయేదాకా విన్నాను. ఆగితే ప్యాకెట్టు, లాగితే గంట. ఇంకొకటి లాగి పోదాం, ఇంకొకటి లాగి పోదాం అనుకుంటూ లాగాను. గబగబా కొట్టాలన్న సంగతే మనసులో లేదు. ఒక్కో మోతనూ చివరి దాకా వాడుకున్నాను.

వసారా మెట్ల కింద చెప్పుల చప్పుడు వినపడి తల తిప్పాను. గేటు నిండా జనం. ఆడవాళ్ళు కొంగులు తల మీద వేసుకున్నారు. ఒకాయన సగం గీసిన గడ్డంతో సబ్బు నురుగు తుడుచుకుంటున్నాడు. ముందు నిలబడింది మా సంఘంలో అందరికంటే పెద్దది, చర్చి ఎదురింటి అవ్వ.

"ఎవురప్పా పోయింది?" అంది.

"నాకేం తెల్సవ్వా" అన్నాను. నిజంగానే ఎవరో పోయారనుకున్నాను.

"నీకు తెల్దా? గంట కొట్టింది నువ్వు గదరా!"

"ప్రార్థన గంట కొడ్తాండానవ్వా."

"ఇది ప్రార్థన గంటనా? నా మొగుడు పోయినప్పుడు గూడా ఇంత బాగా కొట్టలేదు గదరా!"

అప్పుడు అర్థమైంది. తాడు వదిలేశాను. గంట ఇంకోసారి దానంతటదే మోగింది, అవమానం చాలదన్నట్టు. జనంలో ఎవరో, "మరి బెంచీలు?" అన్నారు. బెంచీలు అప్పటికే వెనక గేటు గుండా పోయాయి. కుర్రవాళ్ళు ఎవరినీ అడగలేదు. వాళ్ళ లెక్క వాళ్ళకుంది. ఈ మధ్య గంట కొట్టే పని నాది. నేను కొట్టాల్సిన పొద్దులో చావు గంట మోగిందంటే, కొట్టేది పాస్టరయ్యగారు, పోయింది నేను. తాగుబోతు, ఆస్పత్రిలో పడుకుని వచ్చినవాడు. ఇందులో అనుమానించడానికి ఏముంది? నేరుగా మా ఇంటి వైపు పోయారు.

మా ఆవిడ లెక్క కూడా అదే. గంట మొదటి దెబ్బకు ఆమె పొయ్యి దగ్గర ఉంది. రెండో దెబ్బ ఆలస్యమైంది. ఇది కొట్టేది మా ఆయన కాదు, మా ఆయన కోసం ఎవరో కొడుతున్నారు అనుకుంది. బయల్దేరింది. సందు మలుపులో బెంచీలు ఎదురొచ్చాయి. మోసేవాళ్ళు ఆమెను చూసి తలలు దించుకుని పక్కకు జరిగి దారి ఇచ్చారట. ఆ తర్వాత ఇంకేం అనుమానం మిగులుతుంది?

జనం చీలి ఆమెకు దారి ఇచ్చారు. నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. ఆమె జుట్టు ముడి ఊడిపోయింది, ఒక చెప్పు లేదు. నన్ను చూసి ఆగింది. ఏడుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, అదే బాగుండేది. ఆమె మెట్లెక్కి నా ముందుకు వచ్చింది. మొహం మొహానికి ఆనేంత దగ్గరగా.

"ఊదు" అంది.

సంఘం అంతా చూస్తోంది. పాస్టరయ్యగారు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. నేను నోరు తెరిచి ఊదాను. ఆమె కళ్ళు మూసుకుని వాసన చూసింది. "మల్ల" అంది. మళ్ళీ ఊదాను. అప్పుడు ఆమె కళ్ళు తెరిచి వెనక్కి తిరిగింది.

"ఎవురూ పోలేదవ్వా. పోండి ఇండ్లకు."

ఎవరూ పోలేదు. చావుకని వచ్చి ఊరికే తిరిగిపోవడం మా వాళ్ళలో ఎవరికీ ఇష్టముండదు. పాస్టరయ్యగారు, వచ్చినవాళ్ళు ఎట్లాగూ వచ్చారు గనక ప్రార్థనకు కూర్చోమన్నారు. కూర్చోవడానికి బెంచీలు లేవు, మా ఇంటి ముందున్నాయి. నేల మీద కూర్చున్నారు. మామూలు రోజుల్లో ఆ ప్రార్థనకు ముగ్గురో నలుగురో వస్తారు. ఆ పొద్దు లోపల చోటు చాలక వసారాలో కూడా కూర్చున్నారు. చివర్లో అయ్యగారు, "మన సహోదరుడు వారానికొకసారి ఇట్లా చనిపోతే సంఘం బాగా పెరుగుతుంది" అన్నారు. అందరూ నవ్వారు. మందు లేకుండా నా వల్ల జనం నవ్వడం అదే మొదటిసారి. నేను నవ్వలేదు. మా ఆవిడ పక్కన నేల మీద కూర్చుని ఆమె ఒంటి చెప్పు చూస్తున్నాను.

గోడ మీద కూర్చున్న నా జోడీ సంగతి చెప్పలేదు. జనం వచ్చినప్పుడు వాడు చేతులు కట్టుకుని వాళ్ళతోపాటే నిలబడ్డాడట, జేబులో రెండు ప్యాకెట్లతో. తర్వాత ఎప్పుడు పోయాడో తెలియదు. మర్నాడు గేటు దగ్గర నా ముందు వరుసలో నిలబడి ఉన్నాడు. నేను ఊదాను, మిషన్ కూయలేదు. లోపలికి పోతూ, "నిన్న మళ్ళీ రాలేదే" అన్నాను.

"నీ సావుకు వచ్చినోన్ని. మల్ల నీతో కూసోని తాగేదెట్లప్పా?" అన్నాడు. ఆ తర్వాత వాడు నన్ను పిలవలేదు. వాడు మానలేదు, నాతో మాత్రం మానేశాడు. వాడి పక్కన పార పట్టినప్పుడల్లా ఆ ఖాళీ నాకు తెలుస్తుంది. మంచి జోడీ వాడు.

ఇది చదివి నేను బాగుపడిపోయానని ఎవరూ అనుకోవద్దు. ఆరింటికి ఆ కోరిక ఇప్పటికీ వస్తుంది. డాక్టరమ్మ చెప్పినట్టే వస్తుంది, కూర్చుంటుంది, పోతుంది. కొన్ని రోజులు కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. బెల్టు ఇంకా తిరుగుతోంది, బొగ్గు ఇంకా రాలుతోంది, సూపర్‌వైజర్‌కు కొత్త తిట్లు వచ్చాయి. నెలకోసారి ఆస్పత్రికి పోయి డాక్టరమ్మ ముందు కూర్చుని జోకు లేకుండా మాట్లాడటం ప్రాక్టీసు చేస్తున్నాను, అది బొగ్గు ఎత్తడం కన్నా కష్టం. గంట తాత భుజం బాగుపడి తిరిగొచ్చాడు, తాడు మాత్రం తీసుకోలేదు. రోజూ వసారాలో కూర్చుని నా చేతుల్నే చూస్తుంటాడు, మళ్ళీ ఎవరినైనా చంపుతానేమోనని. నేను గబగబా కొడతాను. జనం వినాల్సిన గంట అయిపోయాక, ఆఖరి మోత మాత్రం తాడుకు నుదురు ఆనించి చివరి దాకా వింటాను. అది నాది.

మొన్న ఒక సాయంత్రం గంట కొట్టి ఇంటికి పోయాను. మా ఆవిడ గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను కూడా కూర్చుని ఏరుతున్నాను, చేతికి పని గదా. చాలా రోజులుగా అడగాలనుకున్నది ఒకటి ఉంది. ఆ పొద్దు చర్చి నుంచి ఇద్దరం ఇంటికి వస్తే, బెంచీల మధ్య మా తలుపుకు తాళం వేసి ఉంది. ఆమె నడుముకు దోపుకున్న తాళం చెవి తీసింది. లోపల గ్యాసు కట్టేసి ఉంది, పప్పు మీద మూత పెట్టి ఉంది. దారంతా ఆమె పిడికిట్లో పట్టుకున్నదేమిటో దీపం వెలుగులో అప్పుడు చూశాను. నా ఆధార్ కార్డు, ఆస్పత్రిలో శవాన్ని ఇచ్చేముందు అడిగేది.

నాకు మళ్ళీ కొంచెం కొంచెం మాట వస్తోంది గనక ఆ సంగతి తీసి ఏడిపించబోయాను.

"అవునే, మొగుడు సచ్చినాడని పరిగెత్తే ఆడది గ్యాసు కట్టేసి, పప్పుకు మూత పెట్టి, తాళమేసి, ఆధార్ కార్డు ఎత్తుకోని వస్తాదా? చెప్పు తెగింది గానీ లెక్క మాత్రం తప్పలేదే నీకు!"

ఆమె బియ్యంలోంచి ఒక రాయి తీసి అవతల పారేసింది.

"ఆ పొద్దే మొదటిసారి పరిగెత్తినాననుకొంటివా? నువ్వు తాగొచ్చే దినాల్లో దినామూ సాయంత్రం ఆరింటికి నేను మనసులో అదే పరుగు పరిగెత్తినదాన్నప్పా. అలవాటైపోయినాది. ఆ పొద్దు కాళ్ళతో పరిగెత్తితి, అంతే."